దేనికి క్షమించాలి, లల్లా?

ఫెస్ పాతనగరంలో కంచరివారి వీధి వెనుక, సన్నని సందులో, అందరూ మాల్మా, అంటే గురువమ్మ, అని పిలిచే ఇత్తో నడిపే సూదిపనిశాల ఉంది. ఆ గురువారం ఉదయం దాని నడిముంగిట్లో ఇరవైయేడుగురు స్త్రీలు ఒళ్లో గట్టి దిండ్లు పెట్టుకొని, తెల్లటి గుడ్డలమీద నీలిదారంతో పూలు కుడుతున్నారు. ఆ గుడ్డలమీద గీతలుండవు, అచ్చులుండవు. పోగులు లెక్కపెట్టుకుంటూ కుట్టాలి. ఒక్క పోగు తప్పితే పువ్వంతా తప్పుతుంది. పైగా ఈ పనిలో గుడ్డకు వెనుకవైపు అనేది ఉండకూడదు. తిప్పి చూసినా అదే పువ్వు, అదే ఆకు కనబడాలి. ఎక్కడా ముడి కనబడరాదు. అందుకే పని నడుస్తున్నంతసేపూ అక్కడ మాటలు తక్కువ.

మాటలు తెచ్చింది హాజ్జా తహ్రా. హజ్ చేసి వచ్చి హాజ్జా అనిపించుకున్న డెబ్బయ్యేళ్ల వితంతువు. ఆ వాడలో పెళ్లి కుదరాలన్నా, పోట్లాట చల్లారాలన్నా ఆమె ఒక మాట చెప్పాల్సిందే.

"టీ ఉందా పిల్లలూ, లేక పుదీనా వాసనతోనే సరిపెట్టుకోమంటారా?"

"టీ కోసం వచ్చారా, కబురు చెప్పడానికి వచ్చారా హాజ్జా?" అంది రఖియా, సూది ఆపకుండానే. పనిశాలలో ఇత్తో తరువాత పెద్ద ఆమే. "రెండింటికీ అయితే చక్కెర ఇంకాస్త వేస్తాను. మీ కబుర్లు చాలా పొడుగు."

"నీ నాలుక మీద వెయ్యి ఆ చక్కెర, కాస్త తియ్యనవుతుంది. వినండి! లల్లా కెంజా పేరు హజ్ చీటీలో వచ్చింది. ఎనభై ఏళ్లకి! ఎన్నేళ్లుగా వేస్తోందో పాపం. వచ్చే నెలలో ప్రయాణం. ఇవాళ్టినుంచి గడప గడపకీ వెళ్లి క్షమాపణ అడుగుతోంది. రేపు శుక్రవారం కుస్కుస్ భోజనం అయ్యాక ఇక్కడికే వస్తుంది. ఇత్తో, నీ దగ్గరికే!"

ముంగిలంతా సంతోషంతో కలకల్లాడింది. "మాల్మాని పెంచిన తల్లి వస్తోంది!" "బాదం మిఠాయి చెయ్యాలి." "ఆవిడ చెయ్యి తగిలితేనే మన సూదులకు వరం." అన్ని గొంతుల మధ్య ఒక్క ఇత్తో గొంతే లేదు. వంగి కుడుతూనే ఉంది. పక్కనున్న రఖియా ఆమె గుడ్డవంక చూసి, రహస్యంగా, "మాల్మా, ఆరు పోగుల చోట ఏడు తీశారు. ఏమిటిది, సూర్యుడు పడమట పొడిచాడా?" అంది.

ఇత్తో లెక్క తప్పడం ఆ పనిశాలలో ఎవరూ ఎరగరు.

హజ్ యాత్రకు వెళ్లేవారు తమకు తెలిసిన ప్రతి గడపా తొక్కి, "తెలిసో తెలియకో నీకు అన్యాయం చేసి ఉంటే క్షమించు" అని అడగడం ఆ నేలమీద తరతరాల ఆచారం. ఎదుటివారు, "క్షమించాను, దేవుడు నిన్నూ నన్నూ క్షమించుగాక" అనడమూ ఆచారమే. మంచి ఆచారం. మనిషి భారం దించుకొని దేవుని ముందుకు పోవాలన్న ఆలోచన దాని పుట్టుకలో ఉంది. అయితే ఏ మంచి ఆచారమైనా నాలుక చివరకు చేరాక హృదయానికి సెలవు దొరుకుతుంది. అడిగేవారు దేనికి అడుగుతున్నారో చెప్పరు. ఇచ్చేవారు దేనికి ఇస్తున్నారో అడగరు. టీ గ్లాసు అందుకున్నంత తేలికగా క్షమాపణ చేతులు మారిపోతుంది. చదువరులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఇత్తో లెక్క ఎందుకు తప్పిందో తెలుసుకోవాలి.

ఇత్తో పుట్టింది దేవదారు అడవులకు పైనున్న ఒక కొండపల్లెలో. వరుసగా రెండేళ్లు వాన లేక గొర్రెలన్నీ చచ్చాక, ఏడేళ్ల ఇత్తోను తండ్రి బస్సెక్కించి తెచ్చి, ఫెస్‌లో లల్లా కెంజా ఇంట్లో అప్పగించాడు. అప్పగించేటప్పుడు ఆ రోజుల్లో తండ్రులందరూ అనే మాటే ఆయనా అన్నాడు: "ఈరోజునుంచి ఇది మీ బిడ్డ, లల్లా. మీరేం చేసినా నేనడగను." అన్నమాట ప్రకారం ఆయన ఎన్నడూ అడగలేదు.

ఊరంతా గౌరవంగా లల్లా, అంటే అమ్మగారు, అని పిలిచే కెంజా పేరుమోసిన మాల్మా. పొద్దున కలవారి ఆడపిల్లలు ఆమె ముందుగదిలో పరుపులమీద కూర్చొని సూదిపని నేర్చుకునేవారు. ఇత్తో ఊడ్చేది, తోమేది, రొట్టెల పలక నెత్తిన పెట్టుకొని వాడ ఉమ్మడి పొయ్యికి మోసేది. మధ్యాహ్నం ఆ పిల్లలు వెళ్లిపోయాక ఆమె చేతికి సూది వచ్చేది. ఆ చిన్న వేళ్లు కుట్టిన గుడ్డలు లల్లా కెంజా పనితనంగా పెళ్లిళ్లకు వెళ్లేవి. లెక్క ఒకసారి తప్పితే ఎడమచేతి వేలి గోరుకింద సూది దిగేది. రెండోసారి తప్పితే మెట్లకింద దుప్పట్లు పెట్టే అల్మారా. బయట తాళం.

ఆ సందులో ఇళ్లన్నీ ఒకదానికొకటి భుజం ఆనించి నిలబడతాయి. ఒక ఇంట్లో దగ్గితే మూడిళ్లలో వినబడుతుంది. అల్మారాలోంచి వచ్చే ఏడుపు మాత్రం ఎవరికి వినబడదు? డాబాలమీద బట్టలు ఆరవేస్తూ ఆడవాళ్లు, "కెంజా చేతికింద పడితే రాయైనా మాల్మా అవుతుంది" అనుకొని దిగిపోయేవారు.

పదమూడో ఏట ఒక ఉదయం ఇత్తో రొట్టెల పలకను వాడ పొయ్యి దగ్గర దించి, కాలుతున్న రొట్టెలను అక్కడే వదిలి, బస్సుల అడ్డాకు నడిచిపోయింది. తండ్రి ఆమెను తిరిగి ఫెస్ పంపడానికి సిద్ధమయ్యాడు. మేనత్త అడ్డుపడి, కొండ ఊళ్లో క్రైస్తవ సన్యాసినులు నడిపే మగ్గాల ఇంటికి చేర్చింది. అక్కడ ఒక వృద్ధ సన్యాసిని ఆమె ఎడమచేతిని చూసి, "ఈ వేళ్లకేమైంది?" అని అడిగింది.

"పడ్డాను."

ఆమె అవుననలేదు, కాదనలేదు. మరుసటి సోమవారం మళ్లీ అడిగింది. ఈసారి, తలుపు సందులో నలిగాయని జవాబు. ఏడు సోమవారాలు ఆమె అడిగింది. ఏడు అబద్ధాలు విన్నది. ఎనిమిదోసారి ఇత్తో నిజం చెప్పింది. వృద్ధురాలు కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకొని, "తప్పు నీది కాదు. నీకు జరిగిందే తప్పు" అన్నది. అంతవరకూ ఆ పిల్లతో ఆ మాట అన్నవారు లోకంలో లేరు.

ఆ తరువాత నాలుగేళ్లు ఇత్తో సూది ముట్టలేదు. ఆమెను ఎవరూ ముట్టమనలేదు. తోటలో ఉల్లిపాయలు నాటింది, అక్షరాలు నేర్చుకుంది, రాత్రిళ్లు దీపం ఆర్పకుండా పడుకుంది. ఒకరోజు తనంతట తానే కిటికీ పక్కన కూర్చొని సూదిలో దారం ఎక్కించింది. ఎప్పుడు లేవాలనిపిస్తే అప్పుడు లేవవచ్చునని తెలిశాక, వేళ్లు తమకు తెలిసిన విద్యను మళ్లీ పైకి తీశాయి. పెద్దయ్యాక ఆ విద్యతోనే ఫెస్‌కు తిరిగివచ్చి ఈ పనిశాల పెట్టింది.

గాయం మానడం ఒక్కనాటి పని కాదు. నేటికీ ఇత్తో ఇంట్లో ఏ అల్మారాకూ తలుపు లేదు; పరదాలే. ఆమె భర్త మోహా వడ్రంగి. "తలుపు చెయ్యడం రాని వడ్రంగి" అని స్నేహితులు ఎగతాళి చేస్తే, "పోనీలేరా, చెక్క మిగులుతుంది" అని నవ్వేస్తాడు. పనిశాలలో ఎవరి లెక్కయినా తప్పితే, పక్కనున్న మనిషి తన పని ఆపి, ఇద్దరూ కలిసి కుట్టు విప్పాలి. అక్కడి శిక్ష అదొక్కటే. మొదట్లో వర్తకులు నవ్వారు. ఇప్పుడు ఆమె మేజాగుడ్డలు పెద్ద హోటళ్లలో పరుస్తున్నారు. ఇరవైయేడు ఇళ్ల పొయ్యిలు ఆ సూదుల మీదనే వెలుగుతున్నాయి. ఊరు ఆమెను మెచ్చుకుంటుంది. మెచ్చుకొని చివర ఒక మాట కలుపుతుంది: "అంతా లల్లా కెంజా చలవ."

ఆ మాటే ఇత్తోకు ప్రతిసారీ గోరుకింద దిగేది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక హాజ్జా తహ్రా ఒక్కతే మిగిలింది. ఇత్తో ముఖం చూడగానే ఆమెకు విషయం అర్థమైంది.

"క్షమించానని ఒక్క మాటే కదటే. అనేసి ఊరుకో."

"అనలేను, హాజ్జా."

"ఎందుకనలేవు? ఇప్పుడు నీకేం తక్కువ చెప్పు? ఇల్లుంది, బంగారంలాంటి మొగుడున్నాడు, నీ వెనకాల ఇంతమంది ఆడవాళ్లున్నారు. ఆవిడ ఆ రోజుల్లో అంత కఠినంగా లేకపోతే ఇంతదానివయ్యేదానివా? కొండమీద మేకలు కాసుకుంటూ ఉండేదానివి."

"మేకలు కాసేవాళ్ల గోళ్లు బాగానే ఉంటాయి, హాజ్జా."

హాజ్జా గతుక్కుమంది. తరువాత గొంతు తగ్గించి, "ముసలిదాని హజ్‌కి అడ్డం పడిందని వాడంతా అంటుంది. రేపు ఎవరైనా తమ పిల్లని నీ దగ్గరికి పంపిస్తారా? బాగా ఆలోచించుకో" అని వెళ్లిపోయింది.

అది బెదిరింపు కాదు, నిజం. ఇత్తో ఆ మాట అంటే తన చిన్ననాటి ఏడుపు ఉత్తదే అయిపోతుంది. అనకపోతే ఇన్నేళ్లు కష్టపడి కట్టుకున్న గౌరవం పోతుంది. సాయంత్రం ఇంట్లో భర్తను అడిగింది. మోహా చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "అంటే అను, లేకపోతే లేదు. ఎవరో అనిపించినట్టు మాత్రం అనకు" అన్నాడు.

శుక్రవారం పనిశాలకు సెలవు. అయినా సగం మందికి పైగా వచ్చి ముంగిట్లో కూర్చున్నారు. ఎవరి ఇంట్లోనూ కుస్కుస్ సరిగా తిన్నట్టు లేదు. లల్లా కెంజా తెల్లటి జల్లాబా నిలువుటంగీ తొడుక్కొని, ఒక చేత కర్ర, ఒక చేత కూతురు ఘిజ్లాన్ భుజం పట్టుకొని వచ్చింది. మనిషి సగానికి వంగిపోయింది. హాజ్జా తహ్రా ఆమెను పరుపుమీద కూర్చోబెట్టింది. టీ వచ్చింది. అందరి చూపులూ ఇత్తోమీదనే.

లల్లా కెంజా గొంతు సవరించుకొని, ఇంటింటా చెప్పి అరిగిన మాటనే చెప్పింది: "ఇత్తో, దేవుని ఇంటికి వెళ్తున్నాను. తెలిసో తెలియకో నీకేదైనా అన్యాయం చేసి ఉంటే క్షమించు, తల్లీ."

ఇత్తో నేలమీద ఆమెకు ఎదురుగా కూర్చుంది. "దేనికి క్షమించాలి, లల్లా?"

ముందుగా తేరుకున్నది ఘిజ్లాన్.

"ఇదేం ప్రశ్న? మా అమ్మ నిన్నటినుంచి ముప్పై గడపలు తొక్కింది. ఒక్కరూ ఇలా అడగలేదు!"

"ఎవరూ అడగకపోబట్టే కదమ్మా ముప్పై గడపలూ రెండు పూటల్లో అయిపోయాయి" అంది రఖియా. ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

లల్లా కెంజా కర్రతో నేలమీద తట్టింది. వయసు ఒంటిని వంచింది గాని గొంతును వంచలేదు. "నీకు రొట్టె పెట్టాను. పని నేర్పాను. ఇవాళ ఇంతమంది నిన్ను మాల్మా అని పిలుస్తున్నారంటే ఎవరి చలవ?"

"పని నేర్పారు. అందుకు మీ చెయ్యి ముద్దుపెట్టుకుంటాను." ఇత్తో వంగి నిజంగానే ఆ ముడతలుపడ్డ చేతిని ముద్దుపెట్టుకుంది. "కానీ మీరు క్షమించమన్నది పని నేర్పినందుకు కాదుగా, లల్లా."

"అప్పట్లో అందరూ అలాగే నేర్పేవాళ్లు! నాకూ అలాగే నేర్పారు. ఇదిగో చూడు." వృద్ధురాలు ఎడమచేతి చూపుడువేలు చాచింది. గోరు పుట్టుకనుంచీ వంకర అన్నట్టు పక్కకు తిరిగి ఉంది. "నాకప్పుడు తొమ్మిదేళ్లు."

"అమ్మా!" ఘిజ్లాన్ ముఖం పాలిపోయింది. "చిన్నప్పుడు కుక్క కరిచిందన్నావుగా?"

లల్లా కెంజా చాచిన వేలిని ఏం చేయాలో తెలియనట్టు అలాగే ఉంచింది. ఇత్తో ఆ వేలిని చూసింది. ఇన్నేళ్లలో ఆ ఇల్లాలిని ఎన్నో విధాల తలచుకుంది గాని, తొమ్మిదేళ్ల పిల్లగా ఎన్నడూ తలచుకోలేదు. గుండె మెత్తబడింది. మెత్తబడినా అడగవలసింది అడిగింది.

"మిమ్మల్ని ఎవరైనా అడిగారా, లల్లా, ఏమైందని?"

"ఎవరడుగుతారు?"

"నన్ను ఒకావిడ అడిగింది. అందుకే ఇలా మనిషినై కూర్చున్నాను. మీకు జరిగినదానికి మీ మాల్మా జవాబు చెప్పాలి. ఆవిడ లేదు. నాకు జరిగినదానికి చెప్పాల్సినవాళ్లు ఉన్నారు. నేనింకేమీ కోరను. ఏం చేశారో మీ నోటితో ఒక్కసారి చెప్పండి."

"పద అమ్మా, వెళ్దాం" అంది ఘిజ్లాన్. వృద్ధురాలు లేవలేదు. టీ చల్లారింది. పిట్ట ఒకటి ముంగిట్లోకి దిగి, మనుషులను చూసి ఎగిరిపోయింది. చివరకు ఆమె ఎవరి ముఖమూ చూడకుండా, నేలవంక చూస్తూ చెప్పింది.

"గోళ్లకింద సూది గుచ్చేదాన్ని. నీకు పదకొండో ఏడు... పెళ్లికూతురి దుప్పటి పాడుచేశావని మెట్లకింద అల్మారాలో పెట్టి తాళం వేశాను. మూడు రోజులు. నువ్వు పిలిచావు. మొదట లల్లా అని పిలిచావు. తర్వాత అమ్మా అన్నావు. నేను అక్కడే, మెట్టుమీద కూర్చుని కుట్టుకుంటున్నాను. విన్నాను."

ఇత్తో కళ్లవెంట నీళ్లు ధారకట్టాయి. ముప్పైఅయిదేళ్లుగా ఆ పిలుపు తాను నిజంగా పిలిచిందో, చీకట్లో భయంతో కల కన్నదో ఆమెకే తెలియదు. కన్నదంతా కల కాదని, ఆ పిల్ల నిజంగా అక్కడ ఉన్నదని, ఈ భూమిమీద చెప్పగల ఒకే ఒక్క నోరు ఇప్పుడు చెప్పింది. బాధతోపాటు ఏదో బరువు కూడా కదిలినట్టయింది.

"మీరు చెప్పారు. నేను విన్నాను" అంది, తలగుడ్డ కొసతో ముఖం తుడుచుకొని. "మీ ప్రయాణానికి నేను అడ్డు కాను. క్షేమంగా వెళ్లి రండి. కానీ క్షమించానన్న మాట ఇవాళ నా నోట రావడం లేదు. వచ్చిన రోజున మీరెక్కడున్నా కబురు పంపిస్తాను. అబద్ధం మీ చేతిలో పెట్టి దేవుని దగ్గరికి పంపలేను."

ఘిజ్లాన్ ఏదో అనబోయింది. లల్లా కెంజా చేత్తో ఆపింది. "వద్దులే. అది న్యాయంగానే ఉంది. నీ కుట్టులో దాచిన ముడిని నేనెప్పుడైనా ఒప్పుకున్నానా?"

అంతవరకూ గోడవారన కూర్చున్న హాజ్జా తహ్రా అప్పుడు లేచింది. వాడంతటికీ సర్దిచెప్పే ఆ మనిషికి మాట తడబడింది.

"నేనూ విన్నాను, ఇత్తో. లల్లా ఇంటి గోడ అవతలే మా ఇల్లు. మూడు రోజులూ విన్నాను. అప్పుడు మనకెందుకులే అనుకున్నాను. నువ్వు బాగుపడ్డాక అంతా మంచికే జరిగిందన్నాను. నిన్న నీ ముఖంమీదే అన్నాను. నీ బాగు చూపించి నా సిగ్గు కప్పుకుంటున్నానని ఇప్పుడు తెలిసింది." ఆమె అందరివంకా చూసింది. "ఇంకొకటి కూడా చెప్పాలి. నీళ్లకొళాయి పక్కింట్లో కొత్తగా ఒక పిల్ల వచ్చింది. ఎనిమిదో, తొమ్మిదో. రెండు నెలలనుంచి పొద్దున్నే ఏడుపు వినబడుతోంది. నిన్న కూడా విన్నాను. విని, ఇక్కడికొచ్చి టీ అడిగాను."

"పేరేమిటి?" అంది ఇత్తో.

"తెలియదు."

ఇత్తో లేచి చెప్పులు వేసుకుంది. రఖియా అప్పటికే గుమ్మం దగ్గర ఉంది. "పిల్లల్ని పనికి పెట్టుకోకూడదని చట్టముంది. అడిగేవాళ్లు లేక అది కాగితంలో నిద్రపోతోంది. పదండి, లేపుదాం" అంది. ఒకరి వెనుక ఒకరు అందరూ కదిలారు.

"కాస్త మెల్లగా నడవండి. నేనూ వస్తాను" అన్నది పరుపుమీదినుంచి ఒక గొంతు. లల్లా కెంజా కర్ర ఊతంగా లేస్తోంది. "ఆ ఇంటావిడ సమీరా నా ముందుగదిలో నేర్చుకున్నదే. అప్పుడు పొద్దున్నపూట వచ్చేది. నేనొస్తే తలుపు తీస్తుంది."

తీసింది. గుమ్మంలో పాత గురువును చూసి సమీరా ముఖం విప్పారింది. ఆచారం ప్రకారం వచ్చారనుకొని, అడగకముందే, "క్షమించాను లల్లా, క్షమించాను! దేవుడు మిమ్మల్నీ నన్నూ క్షమించుగాక!" అంటూ చేతులందుకోబోయింది.

"అందుకు రాలేదు. మీ ఇంట్లో పిల్లను పిలువు. ఇత్తో మాట్లాడుతుంది."

సమీరా చూపు వెనుక నిలబడ్డ గుంపుమీద పడింది. నవ్వు పలచబడింది. "ఆ పిల్లతో మీకేం పని? పల్లెటూరి మొద్దు. కాస్త గట్టిగా ఉంటేగాని పని రాదు. మీకు తెలియనిదా లల్లా? ఇదిగో, ఇత్తోని చూడండి, మీ చేతికింద పడబట్టి ఎంతటిదైందో!"

ఇత్తో లల్లా కెంజావైపు తిరిగింది. ఆ జవాబు చెప్పవలసిన మనిషి వేరే ఉన్నదని ఆమెకు తెలుసు. ఆ మనిషి కర్రమీద రెండు చేతులూ ఆనించి, వంగిన నడుమును సాధ్యమైనంత నిటారుగా చేసుకొని, వాడంతా వినేట్టు చెప్పింది:

"ఇత్తో నావల్ల బాగుపడలేదు, సమీరా. నేను చేసినదాన్ని తట్టుకొని బాగుపడింది. దెబ్బతిన్న బిడ్డ పైకి వస్తే ఆ గొప్ప బిడ్డదే. కొట్టిన చేతికి అందులో రవ్వంత కూడా రాదు. పిల్లను పిలువు."